మలేరియా పట్టీ మీది ఎర్ర గీత: బంగారు నానో కణాలు చేయడం, వాటి రంగు చదవడం

ఒడిశాలోని రాయగడ, కోరాపుట్, మల్కన్‌గిరి జిల్లాల్లో జ్వరం వచ్చిన ఇంటికి ఆశా దీదీ తెచ్చే మలేరియా పట్టీ అందరికీ తెలిసిందే. వేలికొసన చిన్న పోటు, 5 మైక్రోలీటర్ల నెత్తురు, పక్క గుంటలో కిట్‌తో వచ్చే బఫర్ ద్రవం కొన్ని చుక్కలు. పావుగంటకి ఎర్రగా ఒక గీతో రెండు గీతలో తేలతాయి. చాలామంది ఆ ఎరుపు నెత్తురుదే అనుకుంటారు. నిజానికి చాలా కిట్లలో ఆ గీత బంగారం. దాదాపు 40 నానోమీటర్ల బంగారు కణాలు, ఒంటి నిండా యాంటీబాడీలు తొడుక్కుని, కాగితం మీద పాకుతూ వచ్చి గీత దగ్గర పట్టుబడతాయి.

మన వైపు కాలేజీల్లో, బరంపురం నుంచి జయపురం దాకా, ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి ఈ బంగారు కణాలు ఎంచుకునే పిల్లలు చాలామందే ఉంటారు. ఎంచుకోవాలి కూడా. ఏ రంగు కాంతి ఎంత మింగుడుపడిందో కొలిచే మామూలు విజిబుల్ స్పెక్ట్రోఫోటోమీటర్, హాట్ ప్లేట్, శుభ్రమైన గాజు ఉంటే పని మొదలవుతుంది. చిక్కంతా ఒక్కచోటే. ఎర్ర ద్రావణం నీలంగా మారగానే ‘పట్టేశాం’ అని రాసేస్తారు. బంగారం నీలమవడానికి పది కారణాలుంటాయి. మనం వెతుకుతున్న అణువు ఆ పదిలో ఒకటి. మిగతా తొమ్మిదీ కావని చూపించాకే ఫలితం అనాలి.

ముందు ఆ రంగు ఎక్కడిదో చూద్దాం. ముద్ద బంగారం పసుపు. అదే 13 నానోమీటర్ల కణమైతే, దానిలోని ఎలక్ట్రాన్లన్నీ కాంతి తగలగానే ఒక గుంపుగా అటూ ఇటూ ఊగుతాయి. ఆ ఊపు 520 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతితో బాగా కలుస్తుంది. ఆకుపచ్చని మింగేస్తే మనకి కనబడేది కెంపు రంగు. ఫారడే 1857లోనే ఈ ఎర్ర బంగారు ద్రావణాలు చేసి, రంగుకి కారణం బంగారం అతి సన్నటి కణాలుగా ఉండటమేనని చెప్పాడు. గోళాకార కణాలు కాంతిని ఎలా మింగుతాయో 1908లో మీ అనే జర్మన్ శాస్త్రవేత్త లెక్కగట్టాడు. రెండు కణాలు బాగా దగ్గరకొస్తే వాటి ఊపులు ఒకదానితో ఒకటి ముడిపడతాయి, మింగే కాంతి 600 దాటి ఎరుపు వైపు జరుగుతుంది, ద్రావణం నేరేడు రంగుకీ అక్కణ్ణుంచి సిరా నీలానికీ తిరుగుతుంది. కణాలు అంటుకోకుండానే వాటి ఒంటి మీద ప్రొటీన్ పొర పడితే మార్పు చాలా చిన్నది: శిఖరం, అంటే కాంతిని అన్నిటికన్నా ఎక్కువ మింగే చోటు, కొద్ది నానోమీటర్లు జరుగుతుంది, కంటికి తెలియదు, యంత్రానికే తెలుస్తుంది.

ఇక తయారీ. గోల్డ్ క్లోరైడ్ అని మనం పిలిచే క్లోరోఆరిక్ ఆమ్లం ట్రైహైడ్రేట్ 1 గ్రాము సీసాల్లో వస్తుంది. వానాకాలంలో మన గాలిలో మూత తీసిన నిమిషానికే తేమ లాగి ముద్దవుతుంది, తూకం తప్పుతుంది. అందుకని కొంచెం కొంచెం తూచుకునే అలవాటు వద్దు. సీసా మొత్తాన్ని ఒకేసారి 25.4 మి.లీ. శుద్ధమైన నీళ్లలో కరిగించండి. 393.8 అణుభారం లెక్కన అది 100 మిల్లీమోలార్ స్టాక్. గోధుమ రంగు గాజు సీసాలో, 4 డిగ్రీల దగ్గర, చీకట్లో ఉంచితే నెలల తరబడి నిలుస్తుంది. స్టీలు గరిట దానికి తగలకూడదు. ఇనుము తగిలిన చోటే బంగారం లోహంగా దిగిపోతుంది.

గాజు సామాను సబ్బుతో కడిగితే సరిపోదు. ద్రవరాజంతో కడగాలి: మూడు వంతుల గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం ముందు పోసి, దాని మీద ఒక వంతు గాఢ నైట్రిక్ ఆమ్లం మెల్లగా. ఫ్యూమ్ హుడ్ లోపలే, కళ్లద్దాలు, చేతి తొడుగులు వేసుకుని. దాన్ని సీసాలో పోసి బిరడా బిగించకూడదు, గ్యాసుకి సీసా పేలుతుంది. అసిటోన్, ఆల్కహాలు దరిదాపుల్లో ఉండకూడదు. ఫ్లాస్కుతో పాటు స్టిరర్ బిళ్లని కూడా అందులో ముంచాలి. పాత బిళ్ల గీతల్లో ఇరుక్కున్న బంగారమే కొత్త బ్యాచిని పాడుచేస్తుంది, దీన్ని మాత్రం తొందర్లో మరిచిపోతారు. ఆ తర్వాత శుద్ధమైన నీళ్లతో కనీసం ఐదారుసార్లు కడగాలి. ఆమ్లం మిగిలితే అదీ ఉప్పులాగే కణాలని ముద్దకట్టిస్తుంది.

నీళ్ల సంగతి వేరే చెప్పాలి. బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం బంగారానికి మామూలు ఉప్పు కన్నా చాలా ఎక్కువ చేటు, రెండేసి ధనావేశాలు ఉంటాయి కాబట్టి. 18.2 మెగోమ్ నీళ్లు, అంటే లవణాలు దాదాపు లేని అతి శుద్ధమైన నీళ్లు, ఇచ్చే యంత్రం ఉంటే అదృష్టం. లేకపోతే రెండుసార్లు గాజులో స్వేదనం చేసినవి వాడండి. బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ ఒక్కో డబ్బా ఒక్కోలా ఉంటుంది, నమ్మకండి. ఏ నీళ్లయినా ఒక సులువైన పరీక్ష ఉంది: తయారైన మంచి బంగారం 1 మి.లీ.కి ఆ నీళ్లు 4 మి.లీ. కలిపి గంట ఆగి స్కాన్ చేయండి. శిఖరం కదలకపోతే ఆ నీళ్లు పనికొస్తాయి.

13 నానోమీటర్ల కణాలకి వంట ఇది. 99 మి.లీ. నీళ్లలో 1 మి.లీ. స్టాక్ వేస్తే 100 మి.లీ. 1 మిల్లీమోలార్ ద్రావణం, లేత పసుపు. పైన కండెన్సర్ పెట్టి, గట్టిగా తిప్పుతూ, బాగా మరిగించాలి. కోరాపుట్ లాంటి ఎత్తు ప్రదేశంలో నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. థర్మామీటర్లో 100 కోసం కాచుకోకండి, బుడగలు తెరలుతుంటే చాలు. ఈలోగా ట్రైసోడియం సిట్రేట్ డైహైడ్రేట్ 114 మి.గ్రా. 10 మి.లీ. నీళ్లలో కరిగించండి, అది 38.8 మిల్లీమోలార్. సిట్రేట్ ఎప్పటికప్పుడు కలుపుకోవాలి, నాలుగు రోజులు బయట ఉంటే బూజు పడుతుంది. ఆ 10 మి.లీ. మొత్తం ఒక్క ఊపున పోయాలి, చుక్క చుక్కగా కాదు. చుక్కలుగా పోస్తే కణాల పుట్టుక కూడా విడతలుగా జరిగి చిన్నవీ పెద్దవీ కలిసిపోతాయి.

పోశాక పసుపు పోయి ద్రావణం తెల్లనీళ్లలా అవుతుంది. తర్వాత బూడిద రంగు, వెంటనే నల్లటి నేరేడు. ఇక్కడ భయపడి మంట ఆపేసేవాళ్లున్నారు, ఆపొద్దు. చూస్తుండగానే నేరేడులోంచి దానిమ్మ గింజ ఎరుపు తేలుతుంది. ఇంకో 15 నిమిషాలు మరిగించి, మంట తీసేసి, తిప్పుతూనే గది వేడికి చల్లారనివ్వండి. చివరికి నేరేడు రంగులోనే ఆగిపోతే గాజు మురికి అనుకోవాలి, లేదా సిట్రేట్ తక్కువ పడింది. ఫ్లాస్కు గోడకి అద్దంలా బంగారు పూత కనబడితే కచ్చితంగా మురికే.

ఈ సిట్రేట్ పద్ధతి 1951లో టర్కెవిచ్ బృందం ఇచ్చింది. సిట్రేట్ తగ్గిస్తే కణం పెరుగుతుందని 1973లో ఫ్రెన్స్ చూపించాడు. 50 మి.లీ. 0.01 శాతం గోల్డ్ క్లోరైడ్‌కి 1 శాతం సిట్రేట్ 1 మి.లీ. పోస్తే 16 నానోమీటర్లు, అర మి.లీ. పోస్తే 41. పట్టీలకి కావలసింది ఆ రెండోది. 13 నానోమీటర్ల కణం కన్నా 40 నానోమీటర్లది కాంతిని సుమారు 30 రెట్లు ఎక్కువ ఆపుతుంది. అందుకే సన్నటి గీత కూడా కంటికి ఆనుతుంది.

తయారైనదాన్ని అలాగే కువెట్‌లో (యంత్రంలో పెట్టే చిన్న పారదర్శక గొట్టం) పోసి చదివితే శోషణ, అంటే కాంతిని ఎంత ఆపిందో చెప్పే అంకె, 3 దాటుతుంది, ఆ విలువ చాలా యంత్రాల్లో నమ్మదగినది కాదు. ఎందుకో లెక్క చూడండి. 13 నానోమీటర్ల కణంలో సుమారు 68 వేల బంగారు పరమాణువులుంటాయి. 110 మి.లీ.లో బంగారం 0.91 మిల్లీమోలార్ అయితే కణాలు 13 నానోమోలార్ పైచిలుకు. ఒక్కో కణానికి మోలార్ శోషణ గుణకం 2.7 × 10⁸ లెక్కన 3.6 వస్తుంది. కాబట్టి ఐదు రెట్లు పలచన చేయండి, 0.7 దగ్గర కూర్చుంటుంది. 400 నుంచి 800 దాకా స్కాన్, బేస్‌లైన్‌కి అదే నీళ్లు. క్వార్ట్జ్ కువెట్ అక్కర్లేదు, ప్లాస్టిక్ చాలు.

చూడాల్సినవి రెండు. శిఖరం 518 నుంచి 521 మధ్య ఉండాలి. 650 దగ్గరి శోషణని 520 దగ్గరిదానితో భాగిస్తే 0.1 చుట్టుపక్కల రావాలి. శిఖరం 530కి పోయినా, కుడివైపు భుజంలా పొంగినా ఆ బ్యాచి పారబోయడమే మంచిది. పారబోయడం అంటే సింకులో కాదు, బంగారం వ్యర్థాల సీసాలో. ఫోన్ ఫొటోతో రంగు కొలుద్దామనుకునేవాళ్లకి ఒక హెచ్చరిక: ఫోను తనంతట తాను తెలుపు సరిచేసుకుంటుంది. కిటికీ దగ్గర ఒక ఎరుపు, ట్యూబ్‌లైటు కింద ఇంకో ఎరుపు వస్తుంది. పక్కనే తెల్ల కాగితం, తెలిసిన బంగారం రెండూ ఫొటోలో లేకపోతే ఆ ఫొటోకి విలువ లేదు.

ఇప్పుడు అసలు పరీక్ష. చవకగా అయ్యేది ఉప్పు పద్ధతి. బంగారం ఒంటి మీద సిట్రేట్ రుణావేశం కణాలని దూరంగా ఉంచుతుంది. ఉప్పు వేస్తే ఆ కాపు పోయి కణాలు ముద్దకట్టి నీలమవుతాయి. ఒంటిపోగు డీఎన్ఏ బంగారానికి అతుక్కుని ఉప్పు నుంచి కాపాడుతుందని 2004లో లీ, రోత్‌బర్గ్ చూపించారు. ఆ డీఎన్ఏ ఒక ఆప్టమర్ అయితే, అంటే ఒక ప్రొటీన్నో చిన్న అణువునో పట్టుకునే వరస అయితే, తన లక్ష్యం దొరకగానే మడతపడి బంగారాన్ని వదిలేస్తుంది. అప్పుడు ఉప్పు గెలుస్తుంది, నీలం వస్తుంది.

ముందు ఉప్పు మోతాదు వెతకాలి. ఏడు గొట్టాల్లో 180 మైక్రోలీటర్ల చొప్పున పలచన చేసిన బంగారం, ఒక్కోదానికి 20 మైక్రోలీటర్ల ఉప్పు నీళ్లు, చివరికి 0, 10, 20, 30, 40, 60, 80 మిల్లీమోలార్ వచ్చేలా. ఐదు నిమిషాల్లో నీలం చేసే కనిష్ఠ మోతాదు పట్టుకోండి. బ్యాచి మారితే అదీ మారుతుంది, కిందటి నెల అంకె ఈ నెల పనికిరాదు. ఆ ఉప్పుకి ఎర్రగా నిలబెట్టే కనిష్ఠ ఆప్టమర్ ఎంతో ఇలాగే వెతకండి, 50 నుంచి 400 నానోమోలార్ మధ్య మొదలుపెట్టి. కనిష్ఠం అని ఊరికే అనడం లేదు. ఆప్టమర్ ఎక్కువైతే లక్ష్యం కొంత లాక్కున్నా మిగిలిందే బంగారాన్ని కాపాడేస్తుంది, పరీక్ష మొద్దుబారిపోతుంది. ఆ తర్వాత ఆప్టమర్, నమూనా కలిపి 20 మైక్రోలీటర్లు అరగంట ఉంచి, 160 బంగారం, 20 ఉప్పు.

శుద్ధమైన బఫర్‌లో ఇది చక్కగా నడుస్తుంది. సీరంలోకి తీసుకెళ్లగానే కుప్పకూలుతుంది. ఎందుకు కూలుతుందో వేళ్ల మీద లెక్కేయొచ్చు. సీరంలో అల్బుమిన్ మి.లీ.కి సుమారు 40 మి.గ్రా., అంటే 600 మైక్రోమోలార్. గొట్టంలో చివరికి వంద రెట్లు పలచనైనా 6 మైక్రోమోలార్. బంగారు కణాలు 2.7 నానోమోలార్ కన్నా తక్కువే. ఒక్కో కణానికి 2 వేలకు పైగా అల్బుమిన్లు క్యూ కట్టాయన్నమాట. 13 నానోమీటర్ల కణం ఒంటి వైశాల్యం 530 చదరపు నానోమీటర్లు. ఒక్కో అల్బుమిన్ 30 నుంచి 50 ఆక్రమిస్తుంది. అంటే చోటు 15 మందికి, వచ్చినవాళ్లు 2 వేల మంది. అల్బుమిన్ తొడుక్కున్న బంగారం ఎంత ఉప్పు పోసినా ఎర్రగానే ఉంటుంది, లక్ష్యం ఉన్నా లేకపోయినా. మూత్రంలో ఇంకో రకం చేటు: అందులోని లవణాలూ క్రియాటినిన్ బంగారాన్ని వాటంతట అవే ముద్దచేస్తాయి, లక్ష్యం లేకుండానే నీలం వస్తుంది.

అందుకే ప్రతి పరీక్షలో ఈ గొట్టాలు పక్కన ఉండాల్సిందే: నమూనా ఉండి ఆప్టమర్ లేనిది, ఆప్టమర్ ఉండి లక్ష్యం లేనిది, అవే బేసులు వరస మార్చి రాయించిన డీఎన్ఏతో ఒకటి, లక్ష్యానికి బదులు అంతే మోతాదు అల్బుమిన్‌తో ఒకటి. వరస మార్చిన డీఎన్ఏ కూడా నీలమిస్తే మీ ఆప్టమర్ దేన్నీ పట్టలేదు, నమూనాలోని ఉప్పు పని చేసింది. ఈ నాలుగు గొట్టాలు లేని గ్రాఫు ఎంత అందంగా ఉన్నా నేను ఒప్పుకోను.

నెత్తురు నమూనాల్లో మరో దొంగ హిమోగ్లోబిన్. ఆక్సీహిమోగ్లోబిన్ 415, 541, 577 దగ్గర కాంతిని మింగుతుంది. సూది గట్టిగా లాగినప్పుడో, గొట్టం కుదిపినప్పుడో ఎర్ర రక్తకణాలు పగిలితే ప్లాస్మా గులాబీ రంగుకి తిరుగుతుంది. ఆ 541 శిఖరం బంగారం 520 మీద ఎక్కి కూర్చుని, బంగారం శిఖరం జరిగినట్టు భ్రమ పుట్టిస్తుంది. బంగారం కలపకముందే ప్లాస్మాని ఒకసారి విడిగా స్కాన్ చేయండి. 415 దగ్గర గట్టి శిఖరం ఉంటే ఆ నమూనా పక్కన పెట్టండి.

సికిల్‌సెల్ మన జిల్లాల్లోనూ, అటు గడ్చిరోలి, చంద్రపూర్ వైపూ పెద్ద సమస్య కాబట్టి దానికి బంగారం వాడొచ్చా అని అడుగుతారు. జబ్బుకి మూలం బీటా గ్లోబిన్ జన్యువులో జీఏజీ అనే చోట జీటీజీ రావడం, ఒక్క అక్షరం. డీఎన్ఏ కట్టిన బంగారు కణాలు జతకూడితే విడిపోయే ఉష్ణోగ్రత చాలా పదునుగా ఉంటుంది కాబట్టి ఒక్క అక్షరం తేడా పట్టడం సాధ్యమే. డీఎన్ఏతో బంగారు కణాలని ఇలా కూర్చడం 1996లో మిర్కిన్ బృందం మొదలుపెట్టింది. కానీ ఊళ్లో వడపోతకి డైథయోనైట్ సాల్యుబిలిటీ పరీక్ష, ఖాయం చేయడానికి హిమోగ్లోబిన్ రకాలని విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ ఇప్పటికే ఉన్నాయి. ఆరు నెలల లోపు పసివాళ్లలో పిండ హిమోగ్లోబిన్ ఎక్కువ కాబట్టి సాల్యుబిలిటీ పరీక్ష నమ్మలేం. బంగారంతో కష్టపడాలనుకుంటే ఆ ఖాళీ దగ్గర కష్టపడటం మేలు.

రామన్ గురించి క్లుప్తంగా. విశాఖపట్నంలో బడికెళ్లిన సి.వి.రామన్ 1928 ఫిబ్రవరి 28న చూపిన కాంతి పరిక్షేపణ మామూలుగా చాలా బలహీనం. గరుకు వెండి మీద ఆ సంకేతం లక్షల రెట్లు పెరుగుతుందని 1970లలో తేలింది. వెండి, బంగారు కణాల ఇరుకు సందుల్లో పడ్డ అణువు తన వేలిముద్ర తానే వేస్తుంది. యంత్రాన్ని సిలికాన్ ముక్క మీద 520.7 సెం.మీ.⁻¹ దగ్గర సరిచూసుకోవాలి (రామన్ కొలతలు నానోమీటర్లలో కాదు, ఈ ప్రమాణంలో చెబుతారు). జీవ నమూనాలకి 785 నానోమీటర్ల లేజర్ మంచిది, ఫ్లోరొసెన్స్ తగ్గుతుంది. బాక్టీరియా మీద 730 సెం.మీ.⁻¹ దగ్గర గొప్ప శిఖరం వచ్చిందని సంబరపడకండి, అడెనిన్ జాతి అణువులు అక్కడే మెరుస్తాయి, అవి ఏ జీవకణం నుంచైనా ఊరతాయి. ఉప్పు పద్ధతి చేతికి రాకముందు దీని జోలికి వెళ్లొద్దని నా సలహా.

నిండు నెత్తురుకి నిలబడే దారి యాంటీబాడీ కట్టిన 40 నానోమీటర్ల బంగారమే. దాని పీహెచ్ 0.1 మోలార్ పొటాషియం కార్బొనేట్‌తో 8.5 నుంచి 9కి తేవాలి. పీహెచ్ మీటరు ఎలక్ట్రోడ్ ముంచొద్దు, బంగారం దాని రంధ్రాలు పూడ్చేస్తుంది, కాగితంతో చూడండి. యాంటీబాడీ సీసాలో ట్రిస్, అల్బుమిన్, అజైడ్ ఉంటే ముందు డయాలిసిస్ చేసి పలచటి బోరేట్‌లోకి మార్చుకోవాలి. 1 మి.లీ. బంగారం చొప్పున ఎనిమిది గొట్టాల్లో 0, 2, 4, 6, 8, 10, 12, 16 మైక్రోగ్రాముల యాంటీబాడీ. పావుగంట ఆగి 10 శాతం ఉప్పు 100 మైక్రోలీటర్లు. పది నిమిషాల తర్వాత ఎరుపు నిలిచిన మొదటి గొట్టం చూసి దానికి ఐదో వంతు కలుపుకోండి. పెద్ద బ్యాచికి అదే మోతాదు. తర్వాత అల్బుమిన్ 1 శాతం వచ్చేలా వేసి అరగంట ఉంచి, సెంట్రిఫ్యూజ్‌లో 6000 జీ దగ్గర 20 నిమిషాలు తిప్పాలి. 7 సెం.మీ. రోటర్‌కి అది సుమారు 8,750 ఆర్‌పీఎం. గొట్టం అడుగున మెత్తగా, కదిలిస్తే పొగలా లేచే ముదురెరుపు ముద్ద ఉంటే పని బాగా జరిగినట్టు. గోడకి నల్లగా అంటుకుని, కదిపినా రాని మరక ఉంటే ఆ బంగారం చచ్చినట్టే.

నిల్వకి 4 డిగ్రీలు చాలు, గడ్డకట్టకూడదు. ఒక్కసారి గడ్డకట్టిన సిట్రేట్ బంగారం మళ్లీ ఎర్రబడదు. పాత ఫ్రిజ్‌లో వెనక గోడకి ఆనించి పెట్టకండి, కరెంటు పోయి వచ్చాక గట్టిగా చల్లబడేది అక్కడే.

ఊళ్లో వాడే పట్టీలకీ ఇవే సూత్రాలు. 2017లో దమన్ అనే ప్రభుత్వ మలేరియా నిర్మూలన కార్యక్రమం మొదలయ్యాక ఒడిశాలో కొండ ఊళ్లలో ఈ పరీక్షలు ముమ్మరమయ్యాయి, అందుకే వాడేవాళ్లకి ఇవి తెలియాలి. కంట్రోల్ గీత (జబ్బు ఉన్నా లేకపోయినా రావాల్సిన గీత) వచ్చిందంటే ద్రవం పాకింది, బంగారం పనిచేసింది, అంతవరకే. నెత్తురు సరిపడా వేశారని అది చెప్పదు. హెచ్‌ఆర్‌పీ-2 అనే పరాన్నజీవి ప్రొటీన్‌ని పట్టే గీత ఫాల్సిపారం రకం మలేరియాకే, మందు వేసుకుని తగ్గాక కూడా ఆ ప్రొటీన్ వారాల తరబడి నెత్తుట్లో తిరుగుతుంది. కాబట్టి నెల లోపు మళ్లీ జ్వరం వస్తే ఆ గీతని చూసి తేల్చకుండా స్లైడు తీయించాలి. పరాన్నజీవి మరీ ఎక్కువున్నప్పుడు గీత గాఢంగా రావాల్సింది పోయి పలచబడవచ్చు, బంగారం మీది యాంటీబాడీలూ గీత మీదివీ విడివిడిగా నిండిపోతాయి కాబట్టి. వివాక్స్ రకం మలేరియాకి పీఎల్‌డీహెచ్ అనే పరాన్నజీవి ఎంజైమ్‌ని పట్టే గీత ఉన్న కిట్ కావాలి. పెట్టె మీద రాసిన సమయం దాటాక చదివితే ఆరిపోయిన నెత్తురే గీతలా కనబడుతుంది. సంచిని ఎండలో నిలబెట్టిన బండి మీద వదిలేయకూడదు, బంగారం తట్టుకున్నా యాంటీబాడీ తట్టుకోదు. బఫర్ అయిపోతే కుళాయి నీళ్లో సెలైనో వేసి కానివ్వడం అన్నిటికన్నా ప్రమాదం. బఫర్‌లోని లవణం, డిటర్జెంట్ లేకపోతే బంగారం కాగితానికి ఊరికే అంటుకుని, జబ్బు లేనివాళ్లకి కూడా గీత వేస్తుంది. ఒక పెట్టెలోని బఫర్ ఇంకో కంపెనీ పట్టీకి వాడొద్దు.